అమ్మ అంట్లు తోమితేనే మరిగే డ్రమ్ము

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి బతికినవాణ్ణి. ఓమ్ సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అలాంటివాణ్ణి ఇంట్లో పెట్టుకుని మావాళ్లు ఒక వేసవి అంతా ఒక హీటర్ ప్లగ్గుకి దిష్టి తీశారు, దానికి గురువారం కలిసొస్తుందన్నారు, కడిగి బోర్లించిన గిన్నెల్ని మళ్లీ మళ్లీ తోమించారు. నేనూ వద్దనలేదు. వద్దనకపోగా నోటుపుస్తకంలో వివరాలు రాసుకున్నాను. ఆ రోజులు తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

రెండువేల సంవత్సరం వచ్చి వెళ్లిన కొత్తలు. మా ఊరు మార్టూరుకీ చిలకలూరిపేటకీ మధ్య, రోడ్డుకి ఆనుకుని. చుట్టూ పత్తి, మిరప. నాన్నకి రోడ్డు పక్కన సోడాల కొట్టు. గోలీసోడా ఎవడైనా అమ్ముతాడు, కానీ నాన్న సుగంధి సోడాకి బస్సులు ఆగేవి. సుగంధిపాల వేళ్లు తెచ్చి, కడిగి, దంచి, ఒక రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు సగానికి వచ్చేదాకా మరిగించి, పంచదార పోసి పాకం పట్టేవాడు. ఆ పాకం ఇద్దరు మనుషులకి తప్ప మూడో మనిషికి చేతకాదని ఆయన నమ్మకం. ఆ ఇద్దరిలో ఒకరు ఆయన, రెండోవారు చనిపోయిన మా తాతయ్య.

మరిగించేది పెరట్లో, కట్టెల పొయ్యి మీద. మా వైపు కట్టెలంటే పత్తికట్టె, మిరపకట్టె. పత్తికట్టె గుప్పుమని మండి ఆరిపోతుంది. మిరపకట్టె నిలకడగా మండుతుంది గానీ, దానికి అంటుకుని నాలుగు ఎండుకాయలు ఉన్నాయో, ఇక ఊరు ఊరంతా దగ్గే. ఒకసారి ఆ ఘాటు పాకానికే పట్టింది. సుగంధి సోడా తాగిన బస్సు డ్రైవరు పదినిమిషాల పాటు దగ్గి, "ఏంటండీ, ఇందులో కారం కొట్టారా?" అని గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు, "ఇక కరెంటే," అన్నాడు.

కరెంటు అనగానే మా ఊళ్లో ఒకే ఒక్కడు. మోటార్లు చుట్టే షాపాయన. బోరు మోటారు కాలినా, స్టార్టరు పట్టకపోయినా, పెళ్లి పందిట్లో ట్యూబులైట్లు మినుకుమినుకుమన్నా ఆయన్నే పిలవాలి. తురకపాలెంలో ఆయన ఇల్లు, మా ఇంటికి మూడు సందుల అవతల. నాన్నా ఆయనా చిన్నప్పటి నుంచి బావా అంటే బావా అనుకునేవాళ్లు. అమ్మకి ఆయన అన్నయ్య, నాకు మావయ్య. చేతిలో స్క్రూడ్రైవరు, జేబులో టెస్టరు, చెవి మీద సగం కాల్చిన బీడీ, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట, "అయిపోద్ది."

స్టీలు డ్రమ్ముకి అడుగున బెజ్జం కొట్టి, నీళ్లు కారకుండా వాషర్లు వేసి, లావుపాటి హీటర్ కాయిల్ బిగించాడు. పెరటి గోడకి పెద్ద ప్లగ్గు పాయింటు పెట్టాడు, మూడు పిన్నులది. నేనా రోజు కాలేజీలో ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి డ్రమ్ము బుసబుసా పొంగుతోంది. నాన్న దాని పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. కళ్లలో పొగ లేకుండా పాకం మరగడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. కళ్లు తుడుచుకునే అలవాటు పోక, ఊరికే తుడుచుకుంటున్నాడు.

వానాకాలం, చలికాలం బ్రహ్మాండంగా గడిచాయి. శివరాత్రి వెళ్లింది. ఎండలు ముదిరాయి, సోడాలకి గిరాకీ వచ్చింది. సరిగ్గా అప్పుడే డ్రమ్ము మొరాయించింది.

మొరాయించడం అంటే పూర్తిగా చచ్చిపోయినా బాగుండేది. చావలేదు. ఒక పూట మరిగేది, మరో పూట స్నానానికి కూడా చాలనంత వెచ్చబడి ఊరుకునేది. మావయ్య వచ్చి ప్లగ్గు పీకాడు, పిన్నుల వంక చూశాడు. "లూజ్ కాంటాక్టు బావా. పిన్నులు పట్టట్లా," అని పిన్నుల చీలికలో స్క్రూడ్రైవరు దూర్చి వెడల్పు చేసి గుచ్చాడు. డ్రమ్ము మరిగింది. మర్నాడు మరగలేదు. మళ్లీ వచ్చి ప్లగ్గు మార్చాడు. మరిగింది. మర్నాడు మరగలేదు. ఈసారి సాకెట్టు మార్చాడు. తర్వాత కాయిల్ మార్చాడు. తర్వాత పాత కాయిలే మేలని మళ్లీ అదే పెట్టాడు. తీసేసిన ప్లగ్గులన్నీ నాన్న ఖాళీ పచ్చడి జాడీలో దాచాడు. పారేయడానికి మనసొప్పలేదు, ఎందుకంటే అవన్నీ మంచివే.

ఇక్కడే నేను రంగంలోకి దిగాను. చదువుకున్నవాణ్ణి కదా. "ఇలా ఊహల మీద కాదు, పద్ధతిగా చూడాలి," అన్నాను. హోల్డరుకి రెండు వైర్లు కట్టి, వంద క్యాండిల్ బల్బు పెట్టి, వైరు చివరలు సాకెట్లో అగ్గిపుల్లలతో బిగించాను. బల్బు భగ్గున వెలిగింది. "చూశారా! పాయింటులో కరెంటు భేషుగ్గా ఉంది. లోపం ప్లగ్గులో ఉంది," అని తీర్పు చెప్పాను. మావయ్య తల ఊపాడు. ఇంకో ప్లగ్గు జాడీలోకి వెళ్లింది.

మరో రోజు డ్రమ్ము తగిలించి, ప్లగ్గు మూత విప్పి టెస్టరు పెట్టి చూశాను. ఫేజు వైపు వెలిగింది, వెలగాలి కాబట్టి. న్యూట్రల్ వైపు పెడితే అక్కడా వెలిగింది. వెలగకూడదు. ఆ క్షణంలో కొంచెం సిగ్గున్నవాడైతే ఆగి ఆలోచించేవాడు. నేను, "అది ఇండక్షన్ మావయ్యా. పక్కపక్కన వైర్లు ఉంటే అంతే," అన్నాను. ఇండక్షన్ అనే మాటకి ఒక మహిమ ఉంది, అది విన్నాక ఎవరూ ఇంకో ప్రశ్న వేయరు.

ఈ గొడవలో అమ్మ సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ వేసవిలోనే ఆవిడకి కాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. ముందు చీమలు పాకినట్టుంది అంది. తర్వాత, "తిమ్మిరి కాదురా, గుంజుతోంది. నేల పట్టుకుని గుంజినట్టుంది," అంది. మేమందరం హడలిపోయాం. ఎందుకంటే మా అమ్మమ్మకి కూడా అలాగే కాళ్లు తిమ్మిర్లతో మొదలై, తర్వాత పట్టు తప్పి, నాలుగేళ్లు మంచంలోనే ఉండి పోయింది. ఆ నాలుగేళ్లూ ఎత్తి దించింది అమ్మే. "నాకు అమ్మ గతి పట్టకుండా ఉంటే చాలు," అని ఆవిడ ఎప్పుడూ అనే మాట. కాబట్టి మాకు ప్లగ్గు ఒక బాధ, అమ్మ కాళ్లు ఒక భయం. రెంటినీ నేనే చూసుకుంటానన్నాను, ఇంట్లో సైన్సు చదివింది నేనొక్కణ్ణే కాబట్టి.

గుంటూరులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూశాడు, అరికాళ్లు గీకి చూశాడు, షుగరు పరీక్ష రాశాడు. ఏమీ దొరకలేదు. పెద్దమనిషి నిదానంగానే అడిగాడు, "ఎప్పుడు వస్తుందమ్మా ఇది?"

"అంట్లు తోమేటప్పుడండి. అదీ డ్రమ్ము..."

"గొంతుక్కూర్చుంటే వస్తుంది సార్," అని నేను మధ్యలో అందుకున్నాను. "వాళ్లమ్మగారికి కూడా ఇలాగే వచ్చింది." డాక్టరు ముందు డ్రమ్ము గోల ఎందుకు, పల్లెటూరి వాళ్లం అనుకుంటాడు అని నా బాధ. ఆయన బలానికి బిళ్లలు రాసి, ఎక్కువసేపు గొంతుక్కూర్చోవద్దన్నాడు. బస్సులో వచ్చేటప్పుడు అమ్మ అడిగింది, "నరాల జబ్బేనంటావా?" "అవునమ్మా, మొదట్లోనే పట్టుకున్నాం, పర్లేదు," అన్నాను. డాక్టరు అనని మాట అది. నేనే అన్నాను.

ఇంటికొచ్చిన నాలుగో రోజో ఐదో రోజో, అమ్మ పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఒరేయ్, ఒక మాట చెప్తా నవ్వకు. డ్రమ్ము బుసకొట్టినప్పుడే నా కాళ్లు గుంజుతున్నాయిరా. అది ఆగితే ఇవీ ఆగుతున్నాయి," అంది.

నేను నవ్వాను. నవ్వడమే కాదు, మర్నాడు క్లాసులో చెప్పాను కూడా. వాహకాలు, బంధకాలు చెప్తూ, "మా అమ్మ కాళ్లకీ డ్రమ్ముకీ వైరు లేకుండానే కనెక్షనుంది," అన్నాను. క్లాసంతా విరగబడి నవ్వింది. నేను చెప్పిన వాటిలో ఆ ఏడాది అంతగా నవ్వు పుట్టించిన మాట ఇంకోటి లేదు.

ఇంతలో నాన్న తన పరిశోధన తాను చేసుకుంటున్నాడు. చదువు తక్కువే గానీ కళ్లు పెట్టి చూసే మనిషి. "ఒరేయ్, మీ అమ్మ పెరట్లో ఉంటేనే డ్రమ్ము మరుగుతోంది. లోపలికొస్తే అలుగుతోంది," అన్నాడు. నేను కొట్టిపారేయబోయి, సైన్సు వాణ్ణి కదా పరీక్షించి కొట్టిపారేద్దామని, అమ్మని డ్రమ్ము పక్కన కుర్చీలో కూర్చోబెట్టాం. మరగలేదు. "చూశావా?" అన్నాను. నాన్న తల గోక్కుని, "కూర్చుంటే కాదు. పని చెయ్యాలి," అన్నాడు. బియ్యం ఏరమన్నాం. మరగలేదు. చింతపండు పిక్కలు తీయమన్నాం. ఉహూ. ఆ పని అయ్యాక అమ్మ విసుక్కుంటూ లేచి, మధ్యాహ్నం అంట్లు ముందేసుకుని, గిన్నెలు తోముకునే రాయి దగ్గర కూర్చుంది. నాలుగు గిన్నెలు తోమిందో లేదో డ్రమ్ములో సన్నగా ఈల మొదలైంది. నాన్న నా వైపు చూసిన చూపు నేనింకా మర్చిపోలేదు. సుగంధి పాకం ఆయన చేతికొచ్చిన మొదటిరోజు మా తాతయ్య అలా చూసి ఉంటాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో అంట్లకి గిరాకీ వచ్చింది. నాన్న మజ్జిగ మూడు గ్లాసుల్లో పోసుకుని తాగేవాడు. కూర వేరే, పప్పు వేరే, పచ్చడి వేరే పళ్లేల్లో పెట్టించుకునేవాడు, రాజుగారిలాగా. నేను కాఫీ తాగితే గ్లాసు, సాసరు, పైన మూత. అయినా మధ్యాహ్నానికి అంట్లు అయిపోయేవి, డ్రమ్ము చల్లారేది. అప్పుడు నాన్న అటక మీది ఇత్తడి గంగాళాలు దించాడు. అవీ అయ్యాక, పక్కింటి వాళ్ల అంట్లు అడిగి తెస్తానన్నాడు.

"పక్కింటి అంట్లు తోమే గతి పట్టిందా నాకు?" అని అమ్మ కయ్యిమంది. "ఉన్నవే మళ్లీ తోముతాలే, పొండి అవతలికి."

అలా ఆవిడ తోమిన గిన్నెలే తోమేది. నేను నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. 'గిన్నెలు పద్నాలుగు, మరిగింది. గిన్నెలు ఆరు, వెచ్చబడింది. తపేలాలు, గంగాళం, బాగా మరిగింది.' గిన్నె సైజుకీ వేడికీ సంబంధం ఉందని నాకు గట్టిగా అనిపించింది. లోహపు ధ్వని తరంగాలు కాయిల్ మీద పనిచేస్తాయేమోనని ఒక పూటంతా ఆలోచించాను. ఇలా రాసుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం. ఒక ఖాళీ గిన్నె తీసుకుని గరిటెతో డ్రమ్ము పక్కన వాయించాను కూడా. మావయ్య గోడ మీంచి చూసి, "ఏం అల్లుడూ, భజనా?" అన్నాడు.

ఆయనకీ ఏం తోచక, ఈ ప్లగ్గుకి దిష్టి తగిలిందని ఒప్పుకున్నాడు. అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. అందరం దగ్గాం.

మే నెల నడిమికొచ్చింది. అమ్మ కాళ్లు మరీ గుంజుతున్నాయి. రాయి దగ్గర నుంచి లేచేటప్పుడు గోడ పట్టుకుంటోంది. వేటపాలెంలో ఉన్న మా పెద్దమ్మ కబురు పెట్టింది, పదిరోజులు వచ్చి ఉండమని. నాన్న ముఖం వాడింది. డ్రమ్ముని తలుచుకునా, పెళ్లాన్ని తలుచుకునా అన్నది ఆయనకే తెలియదు. నేనే పంపించాను. బస్సెక్కేముందు అమ్మ నాన్నతో, "పాకం రెండు రోజులకి సరిపోద్ది. తర్వాత మీ ఇష్టం," అంది.

మూడో రోజు పాకం అయిపోయింది. మావయ్య కొత్త ప్లగ్గు తెచ్చాడు, ఈసారి చాలా మంచిదట. బిగించాడు. చేతికి వెచ్చగా కూడా తగల్లేదు. కొట్టు ముందు బస్సు ఆగుతోంది, జనం దిగుతున్నారు, సుగంధి లేదంటే ముఖాలు ముడుచుకుని పోతున్నారు. నాన్న పెరట్లోకి వచ్చి మూడు రోజుల అంట్లు రాయి దగ్గర కుమ్మరించి, "కూర్చో," అన్నాడు.

"నేనా?"

"నా మోకాళ్లు వంగవు. మీ మావయ్య ప్లగ్గు చూసుకోవాలి. ఇంకెవడున్నాడు?"

నేను లుంగీ ఎగ్గట్టి కూర్చోబోయాను. నాన్న అరిచాడు, "చెప్పులేసుకుని అన్నం గిన్నెలు తోమేవాణ్ణి నిన్నే చూశా. విప్పరా!"

మా ఇళ్లల్లో తినే గిన్నెల దగ్గరికి ఎవరూ చెప్పులతో వెళ్లరు. అమ్మ ఏనాడూ వెళ్లలేదు. ఆ ఇంట్లో ఆ రాయి దగ్గర నేను ఉత్తి కాళ్లతో కూర్చోవడం మాత్రం, బుద్ధి తెలిశాక, అదే మొదటిసారి. రాయి చుట్టూ నల్లరేగడి ఎండిపోయి నెర్రెలు విచ్చింది. బక్కెట్టు నీళ్లు తెచ్చి మొదటి తపేలా కడిగి పారబోశాను. నీళ్లు నెర్రెల్లోకి బుడబుడమంటూ దిగిపోయాయి. రెండో తపేలా. మూడోది. కాళ్ల కింద మెత్తబడింది.

అప్పుడు నా అరికాళ్లని ఏదో పట్టుకుంది. చీమలు కాదు, తిమ్మిరి కాదు. పిక్కల దాకా వచ్చి పట్టి గుంజుతోంది. కుడి కాలు కాస్త ముందుకి జరిపితే ఎక్కువైంది, వెనక్కి తీస్తే తగ్గింది. ఇంతకన్నా సరైన మాట నాకు ఈ రోజుకీ దొరకలేదు. నేల గుంజుతోంది.

వెనక డ్రమ్ములో ఈల మొదలైంది.

"మరుగుతోందిరా!" అని నాన్న చప్పట్లు కొట్టాడు. "నీ చెయ్యి కూడా పనికొచ్చింది! ఆపకు, తోము, తోము!"

నేను ఒక్క గెంతు గెంతి గోడ దగ్గర పడ్డాను. "ఆపండి! స్విచ్చి ఆపండి!" అని అరిచాను. నాన్న స్విచ్చికి అడ్డం నిలబడి, "ఇప్పుడే అందుకుంటే ఆపుతావేంట్రా, పంచదార పోసేదాకా ఆగు," అంటున్నాడు. ఆయన్ని పక్కకి తోసి నేనే ఆపాను. మా నాన్న మీద చెయ్యి వేసింది జీవితంలో అదొక్కసారే.

గడ్డపార తీసుకుని రాయి పక్కన తవ్వాను. పెద్దగా తవ్వక్కర్లేకపోయింది. చిక్కుడు పాదు మొదట్లో, రాయికి జానెడు దూరంలో, నేలలోకి దిగ్గొట్టిన ఇనప పైపు. దాని తలకి రాగి తీగ చుట్టి ఉంది. ఆ తీగ పాదు చాటునే గోడ ఎక్కి, సున్నం కింద దాక్కుని, తిన్నగా మా ప్లగ్గు పాయింటులోకి పోతోంది, న్యూట్రల్ పిన్నులోకి.

అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. పొలాల్లో మోటారు షెడ్డుకి వచ్చేవి మూడు ఫేజులే, న్యూట్రల్ ఉండదు. షెడ్డులో బల్బు కావాలంటే మావాళ్లు ఒక ఫేజు తీసుకుని, రెండో వైరు తడి నేలలో గుచ్చేస్తారు. బల్బు వెలుగుతుంది. మా డ్రమ్ముకీ అదే వైద్యం జరిగింది. బల్బుకి కొంచెం కరెంటు చాలు కాబట్టి ఎండిన నేలలో కూడా వెలిగింది, నా చేత వెధవ తీర్పు చెప్పించింది. డ్రమ్ముకి బోలెడంత కావాలి. అది నేల తడిస్తేనే పారుతుంది. వానాకాలం అంతా వాన తడిపింది. ఎండాకాలం అమ్మ తడిపింది. కరెంటు ఆ పైపులోంచి దిగి, ఆవిడ కాళ్ల కింది నుంచే పోయింది.

మావయ్య వంగి ఆ పైపు వంక చూశాడు. బీడీ చెవి మీంచి జారి పడింది, తీసుకోలేదు.

"ఇది నేనే పెట్టా అల్లుడూ," అన్నాడు. "ఆ రోజు చేతిలో ఉన్న వైరు ఒక్క లైనుకే సరిపోయింది. రాయి దగ్గరయితే ఎప్పుడూ తడుంటది కదా అని టెంపరవరీగా పెట్టా. రేపొచ్చి మారుద్దామనుకున్నా." అని నేల మీద కూలబడి, "మర్చేపోయా. నా చెల్లెలి కాళ్ల కింద పెట్టి మర్చిపోయా," అన్నాడు. మాతో పాటు ఆయన కూడా తన లోపాన్నే మూడు నెలలు వెతికాడు. అదే చేత్తో ప్లగ్గులు మార్చుకుంటూ. ఎవరి మీద అరవాలో తెలియక, నేను నాన్న మీద అరిచాను. నాన్న నా మీద అరిచాడు. మావయ్య ఎవరి మీదా అరవలేదు. ఆ పూటే రెండు లైన్ల వైరు తెచ్చి, మెయిను నుంచి కొత్తగా లాగి, పైపు పీకి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మా ఇంట్లో టీ కూడా తాగలేదు.

డ్రమ్ము మరిగింది. ఎవరూ ఏమీ తోమకుండానే, మామూలుగా, ఏ విశేషమూ లేకుండా మరిగింది.

మర్నాడే వేటపాలెం వెళ్లాను. అమ్మ పెద్దమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని చేటలో జీడిపప్పు ఏరుతోంది. కాళ్లు బాగున్నాయంది. వచ్చిన రోజు నుంచీ ఒక్కసారి కూడా గుంజలేదంది. నేను ఇక ఆగలేకపోయాను. అరుగు ముందు మట్టిలో పుల్లతో బొమ్మ గీసి మరీ చెప్పాను. ఇదిగో ఫేజు, ఇదిగో కాయిల్, ఇదిగో పైపు, ఇదిగో తడి, ఇవిగో నీ కాళ్లు. నీకు ఏ జబ్బూ లేదు అమ్మా, ఏమీ లేదు.

అమ్మ చివరిదాకా విని, "తడి వల్లేనని నాకు తెలుసురా," అంది.

"తెలుసా?"

"రాయి మీదికి కాళ్లు ఎత్తిపెట్టుకుంటే గుంజదు. నీళ్లు పోసినంతసేపే డ్రమ్ము మరుగుద్ది. గిన్నెలతో పని లేదు."

"మరి గిన్నెలెందుకు తోమావు అన్నిసార్లు?"

"ఎండాకాలంలో ఉత్తినే బక్కెట్లకి బక్కెట్లు నీళ్లు పారబోస్తే మీ నాన్న ఊరుకుంటాడా?"

నా నోటుపుస్తకం, నా గిన్నెల లెక్క, నా ధ్వని తరంగాలు అన్నీ గుర్తొచ్చాయి. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. "తెలిసి కూడా కాళ్లు కింద పెట్టుకుని ఎందుకు కూర్చున్నావమ్మా? రాయి మీద పెట్టుకోవచ్చు కదా!"

"రాయి మీద గొంతుక్కూర్చుంటే నడుం పట్టేసేది." కాసేపు జీడిపప్పు ఏరి, తల ఎత్తకుండానే అంది. "నువ్వు చదువుకున్నోడివి, నరాల జబ్బన్నావు. అందుకే జబ్బు కాళ్లకి ఇట్టాంటివి తెలుస్తాయేమో అనుకున్నా. ఎటూ మా అమ్మకి లాగా పడిపోయే కాళ్లే కదా, ఉన్నన్నాళ్లు డ్రమ్ముకైనా పనికొస్తాయిలే అని."

బస్సులో నేను చెప్పిన ఒక్క మాటని పట్టుకుని ఈవిడ నెలల తరబడి ఆ తడిలో కూర్చుంది. తన కాళ్లు చెప్పినదాన్ని కాదని నేను చెప్పినదాన్ని నమ్మింది. అమ్మ అరుగు దిగి, నేను గీసిన బొమ్మని ఉత్తి కాలితో చెరిపేసి, "లే, మీ పెద్దమ్మ అన్నం వడ్డిస్తోంది," అంది.